మత్తయ్య కూర్చోని వారం

ఆ ఆదివారం మధ్యాహ్నం కోదాడ నుంచి మిర్యాలగూడ వచ్చే బస్సులో ఇరవై సీట్లు ఖాళీగా ఉన్నాయి. మత్తయ్య మాత్రం పై కమ్మి పట్టుకుని నిలబడ్డాడు. హుజూర్‌నగర్ దాకా చూసీ చూడనట్టున్న కండక్టరమ్మ, ఊరు దాటగానే ఇక ఉండబట్టలేకపోయింది.

"గన్ని సీట్లుండంగ నిలవడ్డవేందే అన్నా? కూసో."

"నిలవడ్తనే మంచిగుంది తల్లీ."

"మంచిగుండుడేంది? సడన్ బ్రేకేస్తే ముందర పడ్తవ్. అప్పుడు నా మీదికొస్తది. కూసో అంటున్న గదా."

మత్తయ్య కూర్చున్నాడు. ఎంత వేగంగా కూర్చున్నాడో అంతకన్నా వేగంగా లేచాడు. తర్వాత కుడివైపు ఒరిగి చూశాడు. కిటికీ కమ్మికి వేలాడి చూశాడు. చివరికి సీటు మీద ఒక మోకాలు ఆనించి, వెనక సీట్లో వాళ్ళను చూస్తూ నిలబడిపోయాడు. వెనక సీట్లో ఉన్న ముసలాయన తననే చూస్తున్నాడనుకుని అంగీ గుండీలు సరి చూసుకున్నాడు. కండక్టరమ్మ నెత్తి కొట్టుకుని డ్రైవరు దగ్గరికి వెళ్ళిపోయింది.

కారణం చెప్పడానికి మత్తయ్యకు సిగ్గు. నాకు లేదు కాబట్టి చెప్తాను. ఆయన్ను కుక్క కరిచింది. ఎక్కడ కరిచిందో మీకీపాటికి తెలిసే ఉంటుంది.

మిర్యాలగూడలో మత్తయ్యది మా వీధే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ళ మార్కెట్ యార్డుల్లో, రైసు మిల్లుల్లో ఏ కాంటా మొరాయించినా ఆయన్నే పిలుస్తారు. ముప్పయ్యేళ్ళుగా అదే పని. కాంటా ముందు కూర్చుంటే గ్రాము తేడా ఒప్పుకోడు. మా వీధికి కూరగాయలు తెచ్చే జంగమ్మ టమాటాలు తూచే ముందు మత్తయ్య గుమ్మం వైపు ఒకసారి చూసి, ఇంకో టమాటా వేస్తుంది. అంతటి ఖచ్చితమైన మనిషి, ఒక చిన్న మాట నోరు విప్పి చెప్పలేక, నాలుగు రోజుల్లో మూడు ఊళ్ళు తిరిగి, ఇంట్లో వాళ్ళ ప్రాణం విసిగించాడు.

జరిగింది ఇదీ. మత్తయ్య కూతురు దీవెనకు కోదాడ సంబంధం కుదిరింది. అబ్బాయి పేరు జీవన్. అబ్బాయి తండ్రి యేసయ్య, బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. ప్రధానం అయి నెల కావస్తోంది, పెళ్ళి జనవరిలో. పెళ్ళి మాటలు మాట్లాడటానికి మత్తయ్య ఆ ఆదివారం ఒక్కడే వెళ్ళాడు. ప్రార్థన అయ్యాక వియ్యంకుడింట్లో కోడికూరతో భోజనం చేశాడు. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లో నల్లా దగ్గర వంగాడు.

వాళ్ళింట్లో మేజర్ అని ఒక కుక్క ఉంది. వంగిన మనిషిని చూసి దానికేం తోచిందో, వెనక నుంచి వచ్చి పట్టుకుంది.

ఇక్కడ ఇంకో మనిషైతే ఊరంతా వినబడేలా అరిచేవాడు. మత్తయ్య అరవలేదు. కొత్త వియ్యంలో ఒక పద్ధతుంది కదా. వాళ్ళింట్లో కూరలో ఉప్పెక్కువైనా బాగుందనాలి, కుర్చీ కాలు ఊగుతున్నా సుఖంగా ఉందనాలి. మత్తయ్య ఆ పద్ధతిని కుక్క దాకా లాగాడు. పళ్ళు బిగబట్టి, నల్లా నీళ్ళు దోసిట్లో పట్టి వెనక్కి రెండుసార్లు చల్లుకుని, అంగీ కిందికి లాక్కుని, నవ్వుతూ లోపలికి వచ్చాడు.

"మేజర్ మీ దగ్గరికొచ్చాడా బావగారూ?" అన్నాడు యేసయ్య, ఎందుకో కాస్త గాభరాగా.

"వచ్చిండు బావా. మంచి కుక్క."

"వాడేం చెయ్యడు. మనిషంటే ప్రాణం. కూర్చోండి, మా ఆవిడ పాయసం తెస్తోంది."

మత్తయ్య పాయసం నిలబడే తాగాడు.

ఇంటికి రాగానే లింగమ్మ అడిగింది. లింగమ్మ ఆయన భార్య. అంగన్‌వాడీలో ముప్పయి మంది పిల్లల్ని చూసుకునే మనిషి కాబట్టి మొహం చూసి అబద్ధం పట్టేస్తుంది.

"గట్ల నడుస్తున్నవేంది?"

"బస్సు సీటుకు మొల తేలింది. గుచ్చుకున్నది."

లింగమ్మ ఉతకడానికి తీసిన ప్యాంటును వెలుగుకు పట్టి చూసింది. పైన రెండు బొక్కలు, కింద రెండు బొక్కలు.

"ఏ బస్సయ్యా ఇది? సీట్లకు పండ్లు మొలిసినయా?"

మత్తయ్య అప్పుడు నిజం చెప్పాడు. చెప్పి ఒట్టు వేయించుకున్నాడు. దీవెనకు చెప్పొద్దు, కోదాడకు అసలే తెలియొద్దు. వియ్యంకుడి కుక్క కరిచిందంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. మాటా మాటా పెరుగుతుంది. పెళ్ళి ముందు ఈ తలనొప్పి అవసరమా?

"పెండ్లి సంగతి తర్వాత. పొద్దుగాల దవాఖానకు పో. పిస్స లేస్తే పెండ్లిల నువ్వే మొరుగుతవ్."

ఆ మాట మత్తయ్యను పట్టుకుంది. వెంటనే ఫోన్ తీశాడు. కుక్కకాటుకు దగ్గర్లో దవాఖాన ఎక్కడని అడిగితే, ఆ ఫోన్ పశువుల దవాఖానకు దారి చూపించింది. కింద కుక్కలకు స్నానం చేయించే దుకాణం కూడా చూపించింది. ఇది కాదనుకుని కాంటా మేస్త్రీల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. 'మా దోస్తుకు కుక్క కరిచింది. ఏం చేయాలె?'

అరగంటలో నలభై జవాబులు. కారం పెట్టమని ఒకరు. సున్నం పెట్టమని ఒకరు. పెద్దవూర దారిలో ఒకాయన ఆకు పసరు పోస్తాడు, పత్యం ఉండాలని ఒకరు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారని ఇద్దరు, పద్నాలుగు కాదు ఇరవై ఒకటని ముగ్గురు. వాళ్ళలో వాళ్ళకే కొట్లాట. అన్నిటి కింద ఒకాయన తీరిగ్గా రాశాడు. 'ఏం చేయొద్దు. కుక్కను పది రోజులు చూడాలె. కుక్క బతికితే మనిషి బతికినట్టే.'

మత్తయ్యకు ఈ ఒక్కటి నచ్చింది. దీంట్లో తను చెయ్యాల్సిన పనేం లేదు. చెయ్యాల్సిందంతా కుక్కే చెయ్యాలి.

అయినా లింగమ్మ ఊరుకోదు కాబట్టి సోమవారం పొద్దున సర్కారు దవాఖానకు వెళ్ళి చిట్టీల లైన్లో నిలబడ్డాడు. ఇంకా ముగ్గురున్నారనగా వెనక నుంచి ఒక చెయ్యి భుజం మీద పడింది.

"ఏం మత్తన్నా, పానం బాగలేదా?"

మంగయ్య! దీవెన సంబంధం కుదిర్చింది ఈయనే. ఒక బీపీ గోలీ మింగడం తప్ప ఈయనకు రోగమేం లేదు. దవాఖాన వరండాలో ఫ్యాన్ కింద కూర్చుని, వచ్చేపోయే వాళ్ళను పలకరించనిదే ఆయనకు పొద్దుపోదు. ఇక్కడ ఆయన చెవిలో పడిన మాట మధ్యాహ్నానికి కోదాడలో అన్నం తింటుంది.

కిటికీలో అమ్మాయి అడిగింది. "ఏమైంది పెద్దాయనా?"

మత్తయ్య వెనక్కి చూశాడు. మంగయ్య మెడ చాచి ఉన్నాడు.

"మొల గుచ్చుకుంది."

"ఇనుప మొలనా?"

"ఇనుపదే. తుప్పు గూడ ఉండె."

మొల గుచ్చుకున్న వాడికి ఏం చెయ్యాలో అదే చేశారు. చిట్టీ రాసిచ్చారు, టీటీ సూది వేశారు, గాయం చూపించమంటే మత్తయ్య మానిపోయిందన్నాడు. అంతా పది నిమిషాల పని. ఇంటికొచ్చి, ఘనకార్యం చేసిన వాడిలా చెయ్యి చూపించాడు.

"ఏయించుకున్న."

"కుక్క సూదేనా?"

"సూది సూదే. కుక్కదేంది, పిల్లిదేంది?"

లింగమ్మ చిట్టీ లాక్కుని చదివింది. చదివి, చేతిలో ఉన్న గరిటెను నెమ్మదిగా పొయ్యి గట్టు మీద పెట్టింది. అలా నెమ్మదిగా పెట్టినప్పుడే మత్తయ్య ఎక్కువ భయపడతాడు.

"కుక్క కరిసిందని సెప్పకుంటే వాళ్ళకెట్ల తెలుస్తది? దవాఖానోళ్ళు సోది సెప్తరా?"

"మంగయ్య ఉండె."

"మంగయ్య వచ్చి నీ మందు తాగుతడా?"

మంగళవారం సూర్యాపేటలో పని పడింది. కొత్త వడ్లు వస్తున్న రోజులు. యార్డులో రెండు కాంటాలు మొండికేశాయట. మత్తయ్యకు అదే మంచిదనిపించింది. ఆ ఊరి దవాఖానలో తననెవరూ గుర్తుపట్టరు. పని ముగించుకుని అక్కడి సర్కారు దవాఖానకు చేరాడు. లోపల గోడకు నిలువెత్తు బోర్డు. ఏ రోగానికి ఏ గది, ఏ టైము, అన్నీ తెలుగులో, బొటనవేలంత అక్షరాల్లో ఉన్నాయి. మత్తయ్య దాని నీడలోనే నిలబడి చెమట తుడుచుకుని, వాచ్‌మన్‌ని అడిగాడు.

"సూదులు యాడ ఏస్తరన్నా?"

"ఏం సూదులు?"

"గవే, సూదులు."

"ఏం సూదులో సెప్పవయ్యా. షుగరువా, జరానివా, టీకాలా?"

టీకా అన్న మాట కాస్త దగ్గరగా వినిపించింది. తలూపాడు. వాచ్‌మన్ చెయ్యి చూపిన వైపు వెళ్ళి వరుసలో నిలబడ్డాడు. ముందు ఎనిమిది మంది తల్లులు, ఎనిమిది మంది చంటిపిల్లలు. వెనక ఇంకో నలుగురు. ఒకామె పాలసీసా కిందపడితే తీసిచ్చాడు. ఇంకొకామె పిల్లను కాసేపు ఎత్తుకోమంటే ఎత్తుకున్నాడు. ఆ పిల్ల ఆయన చొక్కా జేబు తడిపింది. గంట తర్వాత వంతు వచ్చింది.

"కార్డు?" అంది సిస్టరమ్మ తల ఎత్తకుండా.

"లేదమ్మా."

"ఎన్నో నెల?"

"యాభై ఆరేండ్లు."

సిస్టరమ్మ తల ఎత్తింది. లైనంతా ఒక్కసారి నవ్వింది. చంటిపిల్లలొక్కళ్ళే ఏడ్చారు. "ఎవరికి కావాలె పెద్దాయనా? ఏమైంది? సెప్పు, పర్వాలేదు" అని ఆమె మంచిగానే అడిగింది. మత్తయ్య "ఎవరికీ వద్దమ్మా" అని, తన చేతిలో మిగిలిపోయిన పిల్లను తల్లికి అప్పజెప్పి బయటపడ్డాడు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్తే లింగమ్మ తిట్టలేదు. తిట్లు అయిపోయాయి. మూడు ముద్దలు ఎక్కువే తిని పడుకుంది.

ఇంతలో రెండో దారి కూడా నడుస్తూనే ఉంది. మత్తయ్య పది రోజుల లెక్క మొదలుపెట్టాడు కదా. రోజూ ఎనిమిదింటికి కోదాడకు ఫోన్.

"బావా, అందరు మంచిగున్నరా?"

"అందరూ క్షేమమే బావగారూ."

"మేజర్?"

"బ్రహ్మాండంగా ఉన్నాడు. ఎందుకడిగారు?"

"ఏం లే, ఊకనే. అన్నం తింటున్నడా?"

"తింటున్నాడండీ. వాడికేం! మీరు... ఎవరన్నా ఏమన్నా చెప్పారా మీకు?"

"ఎవరేం సెప్పలే. నీళ్ళు తాగుతుండా?"

సోమవారం యేసయ్య గొంతులో ఉన్న హుషారు మంగళవారానికి సగమైంది. మత్తయ్య గమనించలేదు. ఆయనకు కావలసింది కుక్క ఆరోగ్యం.

బుధవారం ఫోన్ ఎత్తింది వియ్యపురాలు. "మేజరా అన్నయ్యగారూ? నిన్నటి నుంచీ ఏమీ ముట్టట్లేదండీ. నీళ్ళు కూడా తాగట్లేదు, నోట్లోంచి చొంగ..."

ఫోన్ ఎవరో గుంజుకున్న చప్పుడు. యేసయ్య గొంతు. "ఏం లేదు బావగారూ. ఉపవాసం."

"ఎవరు?"

"ఇంట్లో అందరం ఉన్నాం. మమ్మల్ని చూసి వాడూ తినట్లేదు."

"బుధవారం నాడు ఏం ఉపవాసం బావా?"

"ప్రత్యేకమైనది. మళ్ళీ మాట్లాడతా."

మత్తయ్య ఫోన్ పెట్టేసి మంచం అంచున కూర్చున్నాడు. కూర్చోగానే లేచాడు. నీళ్ళు ముట్టని కుక్క. చొంగ. పిచ్చి పట్టిందనడానికి ఇంకేం కావాలి? చెంబెడు నీళ్ళు తెప్పించుకుని, తనకు భయమేస్తోందో లేదో పరీక్షగా చూశాడు. భయమేసింది. అది నీళ్ళను చూసో, ఫోన్లో విన్న మాటకో ఆయనకు తెలియలేదు. ఒక గుటక తాగాడు. దిగింది. ఇంకో గుటక తాగాడు. అలా మూడు చెంబులు తాగాడు.

"లింగా, దీవెన పెండ్లి నువ్వొక్కదానివే సెయ్యాలెనేమో" అన్నాడు.

లింగమ్మ వేసిన ఒట్టును అక్కడే గట్టు మీద పెట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. నాలుగిళ్ళ అవతల అరుణ ఉంటుంది. ఆశ కార్యకర్త. మా వీధిలో ఎవరి కడుపున ఎన్నో నెలో, ఎవరి గోలీలు ఎన్నడు అయిపోతాయో ఆమె పుస్తకంలో ఉంటుంది. రెండు నిమిషాల్లో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కాకా, ఎన్ని దినాలైతుంది?"

"మూడు... ఆదివారం."

"ఆదివారం కరిస్తే బుధవారం దాకా ఏం జేస్తున్నవ్?"

"కుక్కను సూస్తున్న."

"కుక్కను సూసేటోడు కోదాడల ఉన్నడు గదా. నువ్వు నిన్ను సూసుకోవాలె. కుక్కకు ఏమన్నా గాని, గాకపోనీ, మనం మాత్రం ఎమ్మటే సూది ఏయించుకోవాలె. రక్తమొచ్చిందా?"

"వచ్చింది."

"సబ్బు పెట్టి కడిగినవా?"

"నీళ్ళు సల్లుకున్న."

అరుణ లింగమ్మ వైపు చూసింది. లింగమ్మ పైకప్పు వైపు చూసింది.

"నా నంబరన్న ఉండె గద చిన్నమ్మా. ఇంటింటికి అంటించిన గదా, మీ తలుపు పక్కనే."

లింగమ్మ గోడకున్న చర్చి సంఘం క్యాలెండర్ ఎత్తింది. దాని వెనక పసుపు రంగు కాగితం. ఆశ కార్యకర్త అరుణ, ఫోన్ నంబరు, దగ్గరి దవాఖాన, కుక్కకాటుకు, పాముకాటుకు ఏం చెయ్యాలో నాలుగు వరుసలు. మొదటి వరుసలోనే ఉంది, సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ళ కింద కడగాలని. జనవరి నుంచి నవంబరు దాకా ఆ క్యాలెండర్ మీద పదకొండు నెలలు మారాయి. వెనక కాగితం అలాగే ఉంది.

"ఇప్పుడన్న కడుగుపో" అంది అరుణ. మత్తయ్య స్నానాల గదిలో నల్లా విప్పాడు. బయట లింగమ్మ గడియారం పట్టుకుని నిలబడింది.

"అయింది" అన్నాడు లోపల నుంచి.

"ఏడే అయినయ్. కాంటాల గ్రాము తక్కువైతే ఊకుంటవా? ఇంక ఎనిమిది."

తర్వాత అరుణ ఆయన్ను ఆటోలో ఎక్కించింది. ఆయన ఆటోలో ఎలా కూర్చున్నాడో వర్ణించను. దవాఖానలో మంగయ్య కనబడలేదు. ఏదో సంబంధం చూడటానికి త్రిపురారం వెళ్ళాడట. మత్తయ్య దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు. లోపల సిస్టరమ్మ అడిగింది.

"కుక్క ఎక్కడ కరిచింది?"

"కోదాడల."

"ఊరు కాదు కాకా" అంది అరుణ మొహం పక్కకు తిప్పుకుని. "జాగ సూపియ్యి. గాయం సుట్టూ మందు ఎక్కియ్యాలె."

చూపించక తప్పలేదు. గాయం చుట్టూ మందు ఎక్కించారు, రెండు చేతులకు రెండు చిన్న సూదులు వేశారు. బొడ్డు జోలికి ఎవరూ పోలేదు. రూపాయి అడగలేదు. కార్డు మీద తేదీలు రాసిచ్చారు. ఇవాళ, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. అంతా కలిపి ముప్పావు గంట. మూడు రోజులు తిరిగింది ఈ ముప్పావు గంట కోసమా అని ఇంటికొచ్చాక లింగమ్మ అంటే, మత్తయ్య కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గురువారం కోదాడ నుంచి ఫోన్. ఈసారి యేసయ్యే చేశాడు. గొంతు పెళ్ళివారి బ్యాండులా ఉంది. "మేజర్ తిన్నాడు బావగారూ! రెండు గిన్నెలు! గొంతులో కోడి ఎముక ఇరుక్కుందట, పశువుల డాక్టరు తీశాడు."

"మరి ఉపవాసం?"

"ఆఁ... అది కూడా అయిపోయింది."

మత్తయ్య ప్రాణం లేచి వచ్చింది. అది రాగానే పాత బుద్ధి కూడా వచ్చింది. శనివారం పొద్దున మంచం దిగకుండా అన్నాడు. "కుక్క మంచిగుంది గదా. ఇగ నాకు సూదెందుకు?"

లింగమ్మ ఫోన్ తీసి అరుణకు కలిపి ఆయన చెవి దగ్గర పెట్టింది. అటువైపు నుంచి ఏం వచ్చిందో నేను వినలేదు. మత్తయ్య మాత్రం "పోతున్న బిడ్డా, పోతున్న, గిదో అంగీ ఏసుకుంటున్న" అనడం వీధంతా విన్నాం.

దవాఖాన వరండాలోకి అడుగు పెట్టాడు. ఫ్యాన్ కింద మంగయ్య. ఇటే చూడబోతున్నాడు. మత్తయ్య చటుక్కున గోడ వైపు తిరిగి, దోమల బొమ్మ ఉన్న పోస్టర్ చదవడం మొదలుపెట్టాడు. అక్కడ అప్పటికే ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, చంకలో గొడుగు. ముక్కు ఆ పోస్టర్‌కు ఆనించి, పరీక్ష పేపరు దిద్దుతున్నంత శ్రద్ధగా చదువుతున్నాడు. ఇద్దరి మోచేతులూ తగిలాయి.

"క్షమించండి" అన్నాడా మనిషి.

"పర్వాలే" అన్నాడు మత్తయ్య. అని, ఆ గొంతు ఎక్కడ విన్నానా అని పక్కకు తిరిగాడు.

"బావగారూ!"

"బావా! నువ్వేంది గీడ?"

"బీపీ... బీపీ చూపించుకుందామని."

"కోదాడల బీపీ సూడరా?"

"ఇక్కడ బాగా చూస్తారట. మీరు?"

"మొల గుచ్చుకుంది."

"అయ్యో. ఇనుపదా?"

అప్పుడు లోపలి నుంచి సిస్టరమ్మ పిలిచింది. ఆమె గొంతు గట్టిది, వరండా పెద్దది. "కుక్కకాటు వాళ్ళు రండి! మత్తయ్య, మూడో రోజు! యేసయ్య, ఇరవై ఎనిమిదో రోజు!"

వియ్యంకులిద్దరూ ఒకరి చేతిలో కార్డు ఒకరు చూసుకున్నారు. ఒకే రంగు కార్డులు.

ముందు తేరుకున్నది మత్తయ్య. "మేజరేనా?"

"మేజరే."

"నిన్ను గూడ?"

"సరిగ్గా నల్లా దగ్గరే బావగారూ. ప్రధానం అయిన వారానికి."

"మరి నాకేం సెప్పినవ్? వాడేం సెయ్యడంటివి! మనిషంటే పానమంటివి!"

"నన్నొకసారి కరిచాడు కదా, ఇక తృప్తి పడి ఉంటాడనుకున్నా."

"కుక్కను కట్టేయకపోతివి? లెక్కల సారువు గదా, ఒకటైనంక రెండొస్తదని తెల్వదా?"

"కట్టేస్తే ఎందుకు కట్టేశారని మీరడుగుతారు. కరిచే కుక్క ఉన్న ఇంటికి పిల్లనిస్తారా అని మా ఆవిడ ఒకటే గోల." యేసయ్య గొంతు తగ్గించాడు. "కోదాడ దవాఖానలో సిస్టర్లు సగం మంది నా శిష్యులండీ. మాస్టారూ ఎక్కడ కరిచిందండీ అంటే ఏం చెప్పను? అందుకే బస్సెక్కి ఇక్కడికొచ్చి వేయించుకుంటున్నా. పైగా మీరు రోజూ ఫోన్ చేసి మేజర్ తిన్నాడా, నీళ్ళు తాగాడా అంటుంటే, మీకు తెలిసిపోయి సంబంధం తప్పించడానికి ఆరా తీస్తున్నారనుకున్నాం. మొన్న గురువారం దాకా మా ఇంట్లో అన్నం ఎవరూ సరిగ్గా తినలేదు."

"ఓహో. ఉపవాసం గదేనా?"

"అదే."

మత్తయ్యకు నవ్వు రాలేదు. కోపమే వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. తను సూర్యాపేటలో చంటిపిల్లను ఎత్తుకుని గంట నిలబడ్డాడు. ఈయన ఈ ఊరికి బస్సులో పడి తిరిగాడు. మధ్యలో ఒక కుక్క కోడి ఎముక మింగింది. ఇంత జరుగుతుంటే, ఇదుగో, మంగయ్య తీరిగ్గా లేచి వచ్చాడు.

"ఏంది, వియ్యంకులిద్దరు ఒక్కతాన? ఏం సంగతి?"

యేసయ్య నోరు తెరిచాడు. బీపీ అనబోతున్నాడని పెదాల కదలికలోనే తెలుస్తోంది. మత్తయ్య ఆయన చెయ్యి పట్టి ఆపాడు.

"కుక్క కరిసింది మంగన్నా. నన్ను కరిసింది, గీ బావను గూడ కరిసింది. వీళ్ళ కుక్కనే. పిర్ర మీద కరిసింది. ఇగ పో, కోదాడకు ఫోన్ కొట్టు, సూర్యాపేటకు కొట్టు, ఎవరికి సెప్పుకుంటవో సెప్పుకో!"

వరండా అంతా ఇటు తిరిగింది. మంగయ్య మాత్రం ఏమాత్రం కదల్లేదు.

"గింతేనా? నన్ను మొన్న ఎండకాలంల మా కోడలు పెంచే పిల్లి కరిసింది. గీడనే ఏయించుకున్న నాలుగు. గందుకే గీ జాగ నాకు గింత అలవాటైంది. మొదాలే అడిగితే రూమ్ నేనే సూపిద్దును గదా?"

ఇంతలో ఒక ఆడమనిషి, చెయ్యికి గుడ్డ కట్టుకున్న ముసలామెను నడిపించుకుంటూ దగ్గరికొచ్చింది. "అన్నా, కుక్కకాటుకు గీడనేనా? మా అత్తను నిన్న కరిసింది. ఎవరినడిగినా ఒక్కో తీరు సెప్తున్నరు. పసరు పోపియ్యమంటున్నరు."

మత్తయ్య కాంటా ముందు కూర్చున్నప్పటి మొహం పెట్టాడు. "పసరొద్దు, కారమొద్దు. సబ్బు పెట్టి కడిగిన్రా? ఎంతసేపు? పదిహేను నిమిషాలు కావాలె, గడియారం పెట్టుకోని. గా ఎడమదిక్కు రూమ్. చిట్టీ కాడ కుక్క కరిసిందనే సెప్పు, ఇంకోటి సెప్పకు. ఇయ్యాల ఒకటి, మూడో దినం, ఏడో దినం, ఇరవై ఎనిమిదో దినం. ఒక్కటి గూడ తప్పొద్దు. పైసలు అడగరు."

ఆ ఆడమనిషి అత్తను తీసుకుని చిట్టీల వైపు వెళ్ళింది. యేసయ్య గొడుగు గోడకు ఆనించి, వరండా బల్ల మీద ఒక మూలకు జరిగి, పక్కన చోటు చూపించాడు.

"రండి బావగారూ, కూర్చోండి. ఆ పెద్దావిడను ముందు వేయించుకోనిద్దాం, మనకింకా టైముంది. పెళ్ళి పనులు మాట్లాడుకుందాం."

"నీది ఇరవై ఎనిమిదో దినం బావా, కూసుంటవ్" అన్నాడు మత్తయ్య వరండా కిటికీ కమ్మి పట్టుకుని. "నాది ఇంక మూడోదే. నువ్వు మాట్లాడు, నేను నిలవడి ఇంట."